ఆట మధ్యలో పీసీ టప్పున ఆరిపోతుంటే: పేస్ట్, ఎస్‌ఎంపీఎస్, యూపీఎస్‌లలో ఏది ముందు?

మే నెలలో హైదరాబాద్‌లో ఎవరి గేమింగ్ పీసీ ఆగిపోయినా ఫ్రెండ్స్ చెప్పే మందు ఒకటే: "హీట్ అవుతోంది రా, పేస్ట్ మార్పించు." ప్రాసెసర్‌కీ కూలర్‌కీ మధ్య వేడిని దాటించడానికి పూసే థర్మల్ పేస్ట్ అన్నమాట. బయట నలభై డిగ్రీలు దాటినప్పుడు ఆ మాట నిజమే అనిపిస్తుంది. నాకు మాత్రం మొదటి అనుమానం కరెంటు మీదే, అంటే యూపీఎస్ మీద, పీసీ లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా ఎస్‌ఎంపీఎస్ మీద.

ఎందుకంటే ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కగానే చచ్చిపోవు, ముందు నెమ్మదిస్తాయి. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 100 డిగ్రీలు, రైజెన్ 7000 సిరీస్‌లో చాలావాటికి 95. అక్కడికి చేరితే వేగం తానే తగ్గించుకుంటుంది, ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) పడిపోతుంది, ఫ్యాన్లు హోరెత్తుతాయి. గ్రాఫిక్స్ కార్డు కూడా అంతే. వీటిలో ఏదీ లేకుండా, బాగా నడుస్తున్న ఆట మధ్యలో స్విచ్ తీసేసినట్టు మొత్తం ఆరిపోయిందంటే అది వేడి పద్ధతి కాదు. కూలర్ బిగింపు ఊడిపోవడం, లిక్విడ్ కూలర్ పంపు ఆగిపోవడం లాంటివి జరిగితే వేడితోనూ ఉన్నట్టుండి ఆగొచ్చు. కానీ అప్పుడు ఆట దాకా కూడా రానివ్వదు, మామూలు పనులకే ఉష్ణోగ్రత ఎగబాకుతుంది.

ఆరిపోవడంలోనూ తేడాలున్నాయి. స్క్రీన్ నల్లబడినా ఫ్యాన్లు తిరుగుతూ, హెడ్‌ఫోన్లో శబ్దం వస్తూ ఉంటే గ్రాఫిక్స్ కార్డునో, దాని డ్రైవర్‌నో, కేబుల్‌నో చూడాలి. బ్లూ స్క్రీన్ వస్తే ర్యామ్, డ్రైవర్లు. ఆ రెండూ వేరే కథలు. లైట్లతో సహా అన్నీ ఒక్కసారిగా ఆరిపోయే కేసు గురించే ఇక్కడ చెప్తున్నాను. తర్వాత విండోస్ తన చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తుంది. చాలామంది అదే జబ్బు పేరనుకుని రాత్రంతా దాని గురించే వెతుకుతారు. అది చెప్పేదల్లా కిందటిసారి విండోస్ సరిగా షట్‌డౌన్ కాలేదని. వివరాల్లో బగ్‌చెక్ కోడ్ 0 అని ఉంటే మాత్రం బ్లూ స్క్రీన్ ఏదీ నమోదు కాలేదన్నమాట, అనుమానం కరెంటు వైపు ఇంకాస్త మొగ్గుతుంది.

ఇక దేని మీద డబ్బు పెట్టాలి?

దుమ్ము దులిపి పేస్ట్ మార్చడం అన్నిటికంటే చవక, కొన్ని వందల్లో అయిపోతుంది. మన ఊరి దుమ్ముకి, అందులోనూ పక్కన అపార్ట్‌మెంట్ కడుతుంటే, ఏడాదికోసారి దులపడం ఎలాగూ తప్పదు. చేయండి, మంచిదే. కానీ చేసే ముందు ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో లాగింగ్ (వాటిని ఫైల్లో రాసుకోవడం) ఆన్ చేసి ఆడండి. పీసీ ఆరిపోయాక ఆ ఫైల్లో చివరి వరుసలు చూడండి. ఆఖరి క్షణానికి ప్రాసెసర్ 72, కార్డు 75 అని ఉంటే పేస్ట్ మార్చి సాధించేది ఏమీ లేదు.

యూపీఎస్ సంగతి మన ఇళ్లలో తేలిగ్గా తీసుకునేది కాదు. కరెంటు పోతుందన్న భయంతో చాలామంది 600 వీఏ యూపీఎస్ పెడతారు. అది మామూలుగా మోసేది 360 వాట్లే. ఆఫీసు పనికి సరిపోతుంది. పెద్ద గ్రాఫిక్స్ కార్డు, మానిటరు కలిసి ఆట మధ్యలో 400 దాటితే చేతులెత్తేస్తుంది. మెయిన్స్ ఉన్నంతసేపు ఎలాగో నడిచినా, వోల్టేజీ కాస్త ఊగి బ్యాటరీ మీదకి మారిన క్షణంలో మొత్తం పోతుంది. పక్క గదిలో ఏసీ కంప్రెసర్ ఆన్ అయినప్పుడే పీసీ ఆగుతోందంటే ఇదే కారణం కావచ్చు. పైగా చవక యూపీఎస్ బ్యాటరీ మీద ఇచ్చేది మెట్లుమెట్లుగా ఉండే తరంగం, దానితో కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు పడదు. ఇంట్లో ఇన్వర్టర్ లైను మీద పెట్టినవాళ్లు దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసుకోండి. మామూలు మోడ్‌లో అది బ్యాటరీ మీదకి మారేలోపే పీసీ ఆగిపోవచ్చు. వీటన్నిటికీ పరీక్ష పైసా ఖర్చు లేనిది: యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ పక్కన పెట్టి, ఎర్తింగ్ ఉన్న గోడ ప్లగ్గులో నేరుగా పెట్టి ఆడటం. రెండు మూడు సాయంత్రాలు ఆగకుండా నడిస్తే దొంగ దొరికినట్టే. అప్పుడు 1100 వీఏ, అంటే దాదాపు 660 వాట్లు మోసేది తీసుకోవచ్చు.

నేరుగా పెట్టినా ఆగుతోందా? అయితే నా ఓటు ఎస్‌ఎంపీఎస్‌కే. గ్రాఫిక్స్ కార్డు సగటున లాగే వాట్లు వేరు, మిల్లీసెకన్ల పాటు ఎగిసే లోడ్ వేరు. ఆర్‌టీఎక్స్ 3080 లెక్క ప్రకారం 320 వాట్ల కార్డు, ఎన్విడియా అడిగేది 750 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ఆ తేడా ఊరికే పెట్టింది కాదు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఈ క్షణకాలపు పోట్లను రెట్టింపు దాకా తట్టుకోవాలంది. పాత ఎస్‌ఎంపీఎస్, లేదా క్యాబినెట్‌తో పాటు వచ్చిన పేరు తెలియని నల్ల డబ్బా, ఆ పోటు రాగానే తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. ఒక గుర్తుంది: ఆరిపోయాక పవర్ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేక, వెనక స్విచ్ ఆపి కాసేపు ఆగి వేస్తే గానీ లేవకపోతే, ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ పనిచేసి ఆపిందని దాదాపు చెప్పేయొచ్చు.

కొనే ముందు ఇక్కడా ఉచిత పరీక్ష ఉంది. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి దించండి, ఎఫ్‌పీఎస్ 60 దగ్గర కట్టేయండి. దానితో ఆగడం మానేస్తే ఎస్‌ఎంపీఎస్ మీద అనుమానం బలపడుతుంది. లోడ్ తగ్గితే వేడీ తగ్గుతుంది, యూపీఎస్ మీద భారమూ తగ్గుతుంది. అందుకే ఆ రెంటినీ ముందే తేల్చుకుని ఈ పరీక్షకు రావాలి. కార్డుకి రెండు 8 పిన్ సాకెట్లుంటే ఒకే కేబుల్ రెండు కొసలు కాకుండా వేర్వేరు కేబుళ్లు పెట్టి చూడండి. కొన్నిసార్లు అంతటితోనే సరిపోతుంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి తీసుకెళ్తే పోలేదా అంటారు. విడిభాగాలకు, బేరానికి అంతకంటే మంచి చోటు లేదు. ఈ జబ్బు పట్టుకోవడానికి మాత్రం నేను ఇల్లే మేలంటాను. షాపులో మీ యూపీఎస్ ఉండదు, మీ ఇంటి లైను ఉండదు, మీరు ఆడే మూడు గంటల ఆటా ఉండదు. అరగంట టెస్ట్ పెట్టి "బాగానే నడుస్తోంది అన్నా" అని ఇచ్చేస్తారు, అదీ అబద్ధం కాదు. అక్కడికి వెళ్లేది ఏం కొనాలో తేలాక. లేదా తెలిసిన షాపుంటే రెండ్రోజులకు ఒక మంచి ఎస్‌ఎంపీఎస్ అరువు అడగడానికి. వేరే ఎస్‌ఎంపీఎస్ పెట్టి చూడటాన్ని మించిన పరీక్ష లేదు.

మార్చేటప్పుడు కొత్తదానితో వచ్చిన కేబుళ్లే వాడండి. పాత మాడ్యులర్ కేబుళ్లు (ఎస్‌ఎంపీఎస్ నుంచి ఊడదీయగలిగేవి) సాకెట్లో సరిగ్గా కూర్చున్నా లోపల పిన్నుల వరుస కంపెనీని, మోడల్‌ని బట్టి మారొచ్చు, ఎస్‌ఎస్‌డీలు, హార్డ్ డిస్కులు కాలిపోవచ్చు. పాత ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం విప్పి చూడొద్దు, ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు ఉండిపోవచ్చు.