ఔలీ, గుల్మార్గ్, సోలంగ్: మన సిక్కోలు నుంచి స్కీయింగ్‌కి వెళ్లేవాళ్ల కోసం

మన శ్రీకాకుళం జిల్లాలో ఆర్మీలో పనిచేసినవాళ్లు లేని ఊరు అరుదు కాబట్టి కశ్మీర్ మంచు కబుర్లు మనకి కొత్త కాదు. ఈ మధ్య మావైపు కుర్రాళ్లు స్కీయింగ్ నేర్చుకోవాలని, ఎక్కడికి వెళ్లాలని అడుగుతున్నారు. మూడు చోట్లా కాళ్లకి స్కీలు (మంచు మీద జారే పొడవాటి పలకలు) కట్టుకుని జారినవాడిగా సూటిగా చెప్తాను: మంచు కావాలంటే గుల్మార్గ్, నేర్చుకోడానికి వాలు కావాలంటే ఔలీ. సోలంగ్ మాత్రం స్కీయింగ్ కోసం వద్దు.

సోలంగ్ మనాలికి దగ్గర, పిల్లాపాపలతో మంచు చూడ్డానికి హాయిగా వెళ్లొచ్చు. కానీ వాలు చిన్నది, జనం తొక్కి తొక్కి మంచు గట్టిపడిపోతుంది, ఒక మలుపు తిరిగేలోపు ఎదురుగా ఎవరో ఫొటో దిగుతూ ఉంటారు. అంతే.

ఔలీ ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో, సుమారు 2,500 మీటర్ల నుంచి 3,000 మీటర్ల దాకా ఉంటుంది. మంచు కరిగితే అదంతా పశువులు మేసే పచ్చిక బయలు, అందుకని రాళ్లు తేలిన కొండల మీదలాగా మంచు మరీ మందంగా పడక్కర్లేదు. వాలు సాఫీగా, ఎక్కడా ఉలిక్కిపడేలా లేకుండా దిగుతుంది. స్కీలని ముందువైపు దగ్గరగా, వెనకవైపు దూరంగా పెట్టి ఆగడం అలవాటయ్యేదాకా ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించలేదు. గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ వాళ్లు కోర్సులు కూడా నడుపుతారు. ఎదురుగా 7,816 మీటర్ల నందాదేవి! చిక్కల్లా మంచుతోనే. కొన్నేళ్లు బాగా పడుతుంది, కొన్నేళ్లు గడ్డి కనిపిస్తూనే ఉంటుంది. మంచు చిమ్మే మెషీన్లున్నా గాలి బాగా చల్లగా, పొడిగా ఉంటేనే అవి పనిచేస్తాయి. 2023 జనవరిలో ఔలీ కింద ఉన్న జోషీమఠ్ ఊళ్లో నేల కుంగినప్పుడు ఔలీ రోప్‌వే ఆపేశారు, కాబట్టి రోడ్డు మీద వెళ్లేలానే ప్లాన్ చేసుకోండి.

ఇక కశ్మీర్‌లోని గుల్మార్గ్. ఊరే 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. గొండోలా, అంటే తీగల మీద వెళ్లే కేబుల్ కారు, మొదటి ఫేజ్‌లో కొంగ్‌డూరికి, రెండో ఫేజ్‌లో అఫర్వాత్ కొండ భుజం మీదికి, అంటే దాదాపు 3,950 మీటర్లకి తీసుకెళ్తుంది. కిందా పైనా ఎనిమిది డిగ్రీల దాకా తేడా ఉంటుంది, గాలి వీస్తే అంతకంటే ఎక్కువ అనిపిస్తుంది. మంచి చలిలో పడిన మంచుని పిడికిట్లోకి తీసుకుని నొక్కితే ముద్ద కట్టదు, కళింగపట్నం బీచ్‌లో ఎండు ఇసుకలాగా వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. అలాంటి మంచులో మోకాళ్ల దాకా మునిగి జారుతుంటే అడుగున నేలే లేనట్టుంటుంది. ఔలీలో మార్చి నెల మధ్యాహ్నం అదే పని చేస్తే గుప్పెట్లో తడి ముద్ద మిగులుతుంది, స్కీలు కూడా అలాగే అంటుకుపోతాయి.

అయితే అఫర్వాత్ పైన చెట్లుండవు, వాలు నిటారు, చదును చేసిన దారి తక్కువ, కొత్తగా మంచు పడ్డాక హిమపాతాల ప్రమాదం నిజంగా ఉంది. 2024 ఫిబ్రవరిలో అక్కడ ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు. మా మేనల్లుడు "మావయ్యా, ఫేజ్ టూ ఎక్కకపోతే అంత దూరం వెళ్లి ఏం లాభం?" అన్నాడు. ఎక్కరా, చూడు, మళ్లీ గొండోలాలోనే దిగు అన్నాను. కొత్తవాళ్లకి ఊరి పక్కన ఉన్న మెల్లని వాలు చాలు. పైనుంచి జారేవాళ్లు స్కీ పెట్రోల్ వాళ్లు (వాలుల మీద భద్రత చూసే గస్తీ బృందం) ఇచ్చే రోజువారీ హెచ్చరిక చదవకుండా, తోడుగా గైడ్ లేకుండా బయల్దేరకూడదు.

వాతావరణం గురించి. మనం తుఫాను కోసం బంగాళాఖాతం వైపు చూస్తాం, అక్కడివాళ్లు పడమటి వైపు చూస్తారు. మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లే అక్కడ మంచు కురిపిస్తాయి, అవి బలహీనపడితే ఎంత చలి ఉన్నా ఆకాశం ఖాళీయే. డిసెంబరు 21 నుంచి నలభై రోజుల చిల్లాయ్ కలాన్‌లో, అంటే కశ్మీర్‌లో చలి బాగా ముదిరే రోజుల్లో, మంచు ఖాయం అనుకునేవారు, కానీ 2024 జనవరిలో గుల్మార్గ్ చాలా రోజులు బోసిగా ఉండిపోయింది. 2025లో ఖేలో ఇండియా వింటర్ గేమ్స్‌ని ఫిబ్రవరిలో మంచు చాలక మార్చికి వాయిదా వేశారు. అందుకని క్యాలెండర్ చూసి కాదు, వాతావరణ శాఖ సూచన చూసి టికెట్లు తీసుకోండి. నా ఓటు ఫిబ్రవరికే.

అద్దె సామాన్ల దగ్గర గట్టిగా ఉండండి. ఒక షాపువాడు నాకు వదులు బూట్లు అంటగట్టి, రెండు జతల సాక్సులు వేసుకోమన్నాడు. అలా వేసుకుంటే మలుపు తిరగడం బూటుకి తెలుస్తుంది గానీ స్కీకి తెలియదు. ఒకటే సాక్సు, బకిల్స్ బిగించి మోకాళ్లు ముందుకి వంచితే మడమ పైకి లేవకూడదు, పిక్క ముందు ఎముక బూటుకి ఆనుకోవాలి. నచ్చకపోతే పక్క షాపుకి వెళ్లిపోండి, మొహమాటం వద్దు.

గుల్మార్గ్‌కైతే విజయనగరం నుంచి హీరాకుడ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి అమృత్‌సర్ దాకా, అక్కడి నుంచి కట్రా చేరితే 2025 జూన్ నుంచి శ్రీనగర్‌కి వందే భారత్ ఉంది. గుల్మార్గ్ కింద ఉన్న టంగ్‌మార్గ్ ఊరు దాటాక మంచులో టైర్లకి చైన్లు ఉన్న బండే ఎక్కండి. సముద్రం ఒడ్డు నుంచి వెళ్లినవాళ్లకి ఆయాసం వస్తుంది కాబట్టి మొదటి రోజు స్కీలు ముట్టుకోవద్దు. తిరుగు టికెట్ ముందు కనీసం ఒక రోజు ఖాళీ ఉంచుకోండి, మంచు పడితే రోడ్లూ విమానాలూ రెండూ ఆగుతాయి.