విరిగిన బోల్టు తీసే సెట్టు: నాలుగేళ్ల వాడకం తర్వాత

కొన్న కొత్తలో ఈ సెట్టును తెగ మెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ మెప్పులో సగం కోసేయక తప్పదు. డబ్బాలో ఉండేది అయిదు ఎడమచుట్టు డ్రిల్లు బిట్లు, అయిదు ఈజీ అవుట్లు (విరిగిన బోల్టులో రంధ్రం చేసి, దూర్చి ఎడమకు తిప్పే గట్టి పుల్లలు). బిట్లు బంగారం. ఈజీ అవుట్ల మీద మాత్రం కోపం ఇంకా చల్లారలేదు. పేరులో తప్ప వాటిలో ఈజీ ఏమీ లేదు.

వాడకమంతా పాత బండ్ల కిందే. పదిహేనేళ్లు దాటిన జీపులు, పికప్పులు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు నాపరాళ్లు తోలేవి. మన ఎండలకు చాసిస్ పెద్దగా తుప్పు పట్టదు. కానీ రాతి దుమ్ము చక్రం ఆర్మ్‌కుండే రబ్బరు బుష్షు లోపలి ఇనుప గొట్టంలోకి, అంటే బోల్టు దూరే చోటికి చేరి, బండి కడిగినప్పుడల్లా తడిసి, బోల్టునూ గొట్టాన్నీ ఒకటి చేసేస్తుంది. చాసిస్ లోపల వెల్డు చేసిన నట్టయితే మరల్లోనే పట్టేస్తుంది. అప్పుడు పానాకు పైపు తొడిగి ఊగుతారు. తల పుటుక్కుమంటుంది.

సెట్టు బయటికి తీసేముందు తెగిన ముఖాన్ని గుడ్డతో తుడిచి, లైటు వేసి చూడాలి. బండి నడుస్తుండగా తెగిన బోల్టుకు ఒక పక్క నున్నగా, ఆల్చిప్ప మీద గీతల్లాంటి చారలుంటాయి; చివరికి తెగిన చోట గరుకుగా ఉంటుంది. అది వదులై, రోజూ రొంత రొంత చిట్లుతూ తెగింది. మరల్లో పట్టు పెద్దగా ఉండదు, తేలిగ్గానే వస్తుంది. పానా కింద తెగినదాని ముఖం మెలితిరిగి సుడిలా కనిపిస్తుంది. తంటా దీంతోనే. 12 మి.మీ. నిండు బోల్టే తెగిపోయిందంటే, దాంట్లో 6 మి.మీ. రంధ్రం చేసి దూర్చిన పుల్ల ఏం తిప్పుతుంది? పైగా ఈజీ అవుట్ మొన దగ్గర సన్నం, పైకి లావు. బిగిసేకొద్దీ బోల్టును లోపలినుంచి ఉబ్బించి మరలకేసి ఇంకా అదుముతుంది. ఈ ముక్క డబ్బా మీద ఎక్కడా లేదు.

ఒక జీపుకు ముందు చక్రం కింది ఆర్మ్ (చక్రాన్ని చాసిస్‌కు పట్టి ఉంచే చెయ్యి) బోల్టు దగ్గర జరిగింది ఇదే. ఎం12 అంటే 12 మి.మీ. లావు, 1.25 పిచ్ అంటే మరకూ మరకూ దూరం 1.25 మి.మీ., 10.9 గ్రేడు అంటే గట్టి ఉక్కు. తల పానాకే తెగింది, మొండెం క్రాస్ మెంబర్ (చాసిస్ అడ్డబద్ద) లోపలి నట్టులో మిగిలింది. డీజిల్, గేర్ ఆయిల్ కలిపి రాత్రంతా నానబెట్టి, పొద్దున నడిమధ్య పంచ్ కొట్టి, రంధ్రం చేసి, ఈజీ అవుట్ దించి ట్యాప్ హ్యాండిల్‌తో తిప్పితే పావు చుట్టు కదిలినట్టే ఉంది. కదిలింది బోల్టు కాదు, మెలితిరిగింది ఈజీ అవుట్. రెండో పట్టుకు గాజుపుల్లలాగా లోపలే విరిగింది. ఇక మామూలు బిట్టు దాని మీద జారుతుందే తప్ప కొరకదు, ఎందుకంటే రెండూ దాదాపు ఒకే గట్టిదనం. గట్టి పంచ్‌తో కొట్టి పెళుసు ముక్కలు కొన్ని రాల్చి, మిగిలింది డై గ్రైండర్‌కు కార్బైడ్ బర్ (ఉక్కును అరగదీసే గట్టి మొన) తగిలించి అరగదీయాల్సి వచ్చింది. మధ్యాహ్నమంతా పట్టింది. రంధ్రం కోడిగుడ్డు ఆకారానికొచ్చింది, నట్టు మరలు పోయాయి. అదృష్టం కొద్దీ క్రాస్ మెంబర్ వెనక కంత ఉంది కాబట్టి పాత నట్టు కోసేసి, కొత్తది దూర్చి, రెండు చుక్కలు వెల్డు పెట్టి బయటపడ్డం.

అదే జీపుకు అవతలి పక్క బోల్టూ అట్లే తెగింది. ఈసారి ఈజీ అవుట్ ముట్టలేదు. ఎడమచుట్టు బిట్టు, డ్రిల్లు రివర్స్‌లో. ముందు 3 మి.మీ., తర్వాత 5, ఆపైన 6.5. వేగం తక్కువ: 6 మి.మీ. బిట్టుకు నిమిషానికి 500, 600 చుట్లు చాలు. చుక్క చుక్క ఆయిల్ పడుతుండాలి, పొట్టు నీలంగా మారితే ఆపాలి. 6.5 బిట్టు సగం లోతుకు పోయాక టక్కున కొరికి పట్టుకుంది. చెయ్యి విదిల్చినట్టయింది, వెంటనే మొండెం బిట్టుతోపాటే తిరుగుతూ బయటికొచ్చింది. మామూలు బిట్టు పట్టుకుంటే బోల్టును ఇంకా బిగిస్తుంది, ఇది ఊడదీస్తుంది. తేడా అంతే. డ్రిల్లును రెండు చేతులతో పట్టుకోకపోతే మణికట్టు పోతుంది, అది వేరే సంగతి.

బిట్టుకూ రాకపోతే వెల్డింగే దారి. మొండెం మీద నట్టు పెట్టి, 2.5 మి.మీ. రాడ్డుతో 80, 90 ఆంపియర్ల దగ్గర లోపలినుంచి నింపాలి. ఎర్రదనం పూర్తిగా పోయాక అటూ ఇటూ ఆడిస్తూ తిప్పాలి. ఆ వేడి, చల్లారడమే తుప్పు పట్టును వదిలిస్తాయి. ముందే బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, ఆర్మ్ విప్పేయాలి (లేకుంటే బుష్షు రబ్బరు కాలుతుంది), బ్రేకు హోస్ మీద తడి గోనె కప్పాలి. ఏమీ పనిచేయకపోతే 10.8 మి.మీ. వరకు డ్రిల్లు చేసి 1.25 పిచ్ ట్యాప్‌తో మరలు మళ్లీ కొట్టుకోవాలి. 1.75 పిచ్ అయితే 10.2.

కొత్త బోల్టు తల మీద అదే గ్రేడు ఉండాలి, లాక్ నట్టు కొత్తదే వేయాలి. కాపర్ గ్రీజు గొట్టంలో ఉండే భాగానికి పలచగా పూస్తే చాలు, మరలకు పూస్తే బిగింపు లెక్క తప్పుతుంది. చివరి బిగింపు జాకీ దించి, చక్రాలు నేల మీద ఉన్నప్పుడే. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి కొన్నాళ్లకే చీలుతుంది.

మళ్లీ కొనాల్సి వస్తే విడి బిట్లే కొంటాను. మా షెడ్డు పక్కనే వెల్డింగ్ ఉంది కాబట్టి ఈ మాట. వెల్డింగ్ అందని చోట పనిచేసేవాళ్లకు ఈజీ అవుట్లు ఉంటే నష్టం లేదు, పానా కింద తెగినదాంట్లో మాత్రం దూర్చొద్దు. మా దగ్గర మిగిలిన నాలుగూ కమాను పట్టీల షాకిల్ పిన్నుల్లో విరిగిన గ్రీజు నిప్పిళ్లు తీయడానికి వాడుతున్నాం. మెత్తటి లోహం, పైగా ముందే రంధ్రం ఉంటుంది. ఆ పనికి బాగానే వస్తున్నాయి.