తిరుపతిలో ఇంటి సరుకులు: ఖరీదైన సూపర్‌మార్కెటా, రైతుబజారా?

కూరగాయల విషయంలో నాకు సందేహం లేదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రైతుబజార్లలో దళారి లేకుండా రైతే అమ్ముకోవాలన్నది నియమం, ఆనాటి ధరలు పలకపై కనిపిస్తాయి. చలికాలంలో పితికినపప్పు (నానబెట్టి తొక్క తీసిన అనపగింజలు) కోసం ఉదయాన్నే అక్కడ కొనే అనపకాయల తాజాదనం, ఎక్కువ ధర పెట్టినా, సూపర్‌మార్కెట్ శీతల అరల్లోని కూరగాయలకు అరుదుగానే ఉంటుంది. పప్పులు, నూనెల సంగతి వేరు: సూపర్‌మార్కెట్ ప్యాకెట్‌పై నికర బరువు, తయారీ తేదీ, 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య ఉంటాయి కనుక, కల్తీ జరిగితే ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది. అయితే పేరున్న కంపెనీ ప్యాకెట్ వీధి చివరి కిరాణా కొట్టులోనూ ఎమ్మార్పీకి మించకుండానే దొరకాలి. (మా అమ్మ కందిపప్పును చేతిలోకి తీసుకొని చూడనిదే కొనదు, ఆ జాగ్రత్తను నేను గౌరవిస్తాను.) ఆలివ్ నూనె, చీజ్ వంటివి అవసరమైనప్పుడు మాత్రమే సూపర్‌మార్కెట్‌లో పెట్టే అదనపు ఖర్చు నాకు సబబుగా తోస్తుంది.