మామూలు బగెట్టా, ట్రాడిషనా?

పారిస్‌లో ఏ బ్రెడ్ షాపుకెళ్లినా ఈ సందేహం తప్పదు: బగెట్ అనే పొడవాటి ఫ్రెంచ్ బ్రెడ్‌లో మామూలుది తీసుకోవాలా, సంప్రదాయ పద్ధతిలో చేసే 'ట్రాడిషన్' తీసుకోవాలా? చూడ్డానికి రెండూ కర్రల్లాగే ఉంటాయి. రేటులో తేడా కొన్ని యూరో సెంట్లే.

ట్రాడిషన్‌కి మాత్రం చట్టం కాపలా ఉంది. 1993 నాటి ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం అందులో గోధుమపిండి, నీళ్లు, ఉప్పు, ఈస్టో పులిసిన ముద్దో ఉండాలి. కాస్త చిక్కుడు జాతి పిండి కూడా కలపొచ్చు. యాడిటివ్‌లు కలపకూడదు, ముద్దను ఏ దశలోనూ ఫ్రీజ్ చేయకూడదు. సాధారణంగా నెమ్మదిగా పులియనిస్తారు కాబట్టి లోపల మీగడ రంగు, అట్టు మీద లేచినట్టు చిన్నా పెద్దా గుల్లలు. విరిస్తే పైపెంకు కరకరమంటుంది, రాలిన పొడంతా చొక్కా మీదే. మామూలుది లోపల తెల్లగా, దూదిలా ఉంటుంది. సాయంత్రానికే సాగుతుంది, మర్నాటికి నిజంగానే కర్ర.

పొద్దున్నే వెన్న, జామ్ రాసి కాఫీలో ముంచడానికి నాకు మామూలుదే హాయి. చీజ్‌తో, సూప్‌తో అయితే ట్రాడిషనే, రెండో మాట లేదు. కొనేటప్పుడు 'బియాఁ క్యూయిత్' అనండి, బాగా కాలింది ఇస్తారు. ఏది కొన్నా, ఇల్లు చేరేలోపు కొన తుంచి నోట్లో వేసుకోవడం మాత్రం మామూలే. ఆ కొనకు 'కినియోఁ' అని పేరు కూడా ఉంది!