ఎంజీబీకి ఏ సైలెన్సర్ మేలు: ఒరిజినలా, స్టెయిన్‌లెస్సా, ఫ్రీ ఫ్లోనా?

ఎంజీబీ లాంటి పాత స్పోర్ట్స్ కారు ఇంట్లో ఉంటే సైలెన్సర్ గొడవ ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. చెన్నైలో అయితే ఇంకాస్త ముందే వస్తుంది. అందరూ సముద్రపు గాలిని తిడతారు గానీ, సైలెన్సర్‌కి తుప్పు ఎక్కువగా లోపలినుంచే పడుతుంది. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు పుడతాయి. బండి బాగా వేడెక్కితే అవి ఆవిరై పోతాయి. ఆదివారం పొద్దున్నే మైలాపూర్‌లో తీసి, బీచ్ రోడ్డులో ఒక చుట్టు కొట్టి, కాఫీ తాగి వచ్చేస్తే వెనకున్న సైలెన్సర్ డబ్బా సరిగ్గా వేడే ఎక్కదు. ఆ తడి, అందులో కలిసిన ఆమ్లం వారమంతా అడుగున నిలిచి రేకుని తినేస్తాయి.

అందుకే ఒరిజినల్ నమూనా మైల్డ్ స్టీల్ సైలెన్సర్ చవకే అయినా, వారానికోసారి తీసే బండికి ఎక్కువ కాలం రాదు. పనితనంలో మాత్రం దానికి వంక పెట్టలేం. లోపలి అరల్లో, అడ్డురేకుల మీద శబ్దం కొట్టుకుని తిరిగొచ్చి తనని తానే తగ్గించుకుంటుంది. కార్బరేటర్ల జోలికి పోనక్కర్లేదు.

అదే నమూనా స్టెయిన్‌లెస్‌లో కొంటే ధర బాగా ఎక్కువ, శబ్దం కొద్దిగా పలచగా, లోహం మోగినట్టు ఉంటుంది. కొనేటప్పుడు జేబులో ఒక అయస్కాంతం పెట్టుకెళ్లండి. గట్టిగా అతుక్కుంటే అది స్టెయిన్‌లెస్‌లో చవక రకమైన 409. మైల్డ్ స్టీల్ కన్నా నయమే గానీ పైన తుప్పు మరకలు వస్తాయి. 304 రకానికి దాదాపు అతుక్కోదు, వంచిన చోట, వెల్డింగ్ దగ్గర కాస్త లాగొచ్చు. ఉప్పుగాలికి 304 మీద కూడా చుక్కలు పడతాయి, అయినా చిల్లు పడడానికి చాలా ఏళ్లు పడుతుంది.

ఇక కుర్రాళ్లందరి మనసూ దోచేది ఫ్రీ ఫ్లో. చిల్లుల గొట్టం, దాని చుట్టూ గ్లాస్ ఊల్, అంతే. వర్క్‌షాపులో స్టార్ట్ చేసి రెండుసార్లు యాక్సిలరేటర్ తొక్కితే ఎవరికైనా నచ్చేస్తుంది. అసలు పరీక్ష మహాబలిపురం వైపు పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద. ఓవర్‌డ్రైవ్ (వేగంగా పోయేటప్పుడు ఇంజన్ చుట్లు తగ్గించే అదనపు గేరు) లేని ఎంజీబీ నాలుగో గేరులో 80 కిలోమీటర్ల వేగంతో పోతుంటే ఇంజన్ సుమారు 2,800 ఆర్‌పీఎంలో తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక చుట్టుకి రెండుసార్లు పేలుతుంది కాబట్టి సెకనుకి 93 దాకా దెబ్బలు. అంత లావు హోరుని గ్లాస్ ఊల్ పెద్దగా పీల్చుకోలేదు, సన్నని శబ్దాలనే అది బాగా ఆపుతుంది. టాపు వేసి ఉంటే ఆ హోరు తలలోనే మోగుతుంది. పాత బండ్ల విడిభాగాలు దొరికే పుదుప్పేటలో ఒక పెద్దాయన, మాది నెల్లూరు వైపని తెలిసి తెలుగులోకి దిగిపోయి, చెప్పిన మాట: “ఫ్రీ ఫ్లో పెడతాను సార్, గుర్రుమంటది. మేడమ్‌గారు పక్కన కూర్చుంటే మాత్రం మీరు మహాబలిపురం దాకా పోరు.”

పవర్ పెరుగుతుందంటారు. హెడ్డు, క్యామ్ ముట్టుకోని 1,798 సీసీ ఇంజన్‌లో ఆ పెరుగుదల ఎక్కువగా చెవులకే తెలుస్తుంది. పైగా పొగ సులువుగా పోతే రెండు ఎస్‌యూ కార్బరేటర్లు కలిపే పెట్రోలు-గాలి మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గొచ్చు. ప్లగ్గులు తెల్లబడడం, యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే టపటపలాడడం దాని గుర్తులు (జాయింటు దగ్గర గాలి లీకైనా టపటపలాడుతుంది, ముందు అది చూడండి). అప్పుడు కార్బరేటర్‌లో పెట్రోలుని కొలిచి వదిలే నీడిల్ మార్చడం, ట్యూనింగ్ అదనపు ఖర్చు. కొన్నాళ్లకి ఊల్ కాలి ఎగిరిపోయి మోత ఇంకా పెరుగుతుంది.

పుదుప్పేటలోనే వేరే కారు డబ్బా కోసి వెల్డింగ్ చేయించుకోవచ్చు, చవక కూడా. కానీ ఎంజీబీ అసలే నేలకి దగ్గర, డబ్బా కాస్త లావైతే మన స్పీడ్ బ్రేకర్లే దాన్ని పీకేస్తాయి. రబ్బరు హ్యాంగర్లు మానేసి బాడీకి బిగించేస్తే ఇంకా ప్రమాదం, ఇంజన్ ఊగినప్పుడల్లా ఇంజన్ దగ్గర పొగ గొట్టం కలిసే మేనిఫోల్డ్ జాయింటు మీద భారం పడుతుంది.

చట్టం సంగతి చూస్తే, కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 120వది ప్రతి బండికీ సైలెన్సర్ ఉండాలంటుంది. శబ్దం హద్దు దాటితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు, మూడు నెలలు లైసెన్సూ పోవచ్చు. యాభై ఏళ్లు దాటిన కారుకి 2021 నియమాల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే బండి అసలు రూపంలో ఉండాలి. అక్కడ ఒరిజినల్ నమూనా సైలెన్సర్ ఉంటే అడిగేవాళ్లుండరు.

నా ఓటు ఒరిజినల్ నమూనా 304 స్టెయిన్‌లెస్‌కే. గొంతు ఉండాల్సిందే అని పట్టుబడితే ఎంజీబీలో డబ్బాలు రెండున్నాయి కదా, మధ్యదాన్ని అలాగే ఉంచి వెనకది ఒక్కటే ఫ్రీ ఫ్లోకి మార్చండి. హోరు చాలావరకు మధ్య డబ్బా దగ్గరే తగ్గుతుంది. నచ్చకపోతే వెనక్కి మార్చుకోవడానికి పాత డబ్బాని పాత ఇనుము వాడికి వేసేయకండి. ఏది పెట్టినా, మొదటిసారి బాగా వేడెక్కేలా తిప్పి, చల్లారాక క్లాంపులు మళ్లీ ఒకసారి బిగించండి.