మాంద్యం పేరు చెప్పి సగం ధరకు యాంటిక్ అమ్ముతున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

పాత బీరువాలు, బల్లలు, గడియారాలు ఇష్టపడి కొనుక్కునేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. మార్కెట్ పడిపోయినప్పుడు వచ్చే "మంచి బేరాల"లో ఒకటి ఇప్పుడు నా ఇంట్లో ఉంది. సుమారు 1780 నాటి ఇంగ్లిష్ మహాగనీ బీరువా అని చెప్పి అమ్మారు. కింద సొరుగులతో రాత బల్ల, దానిమీద అద్దాల తలుపులతో పుస్తకాల అర. నిజానికి అవి వేర్వేరు చోట్ల, వేర్వేరు కాలాల్లో తయారైన రెండు వస్తువులు. ఎవరో రెండింటినీ కలిపి, ఒకే రంగు పూసి, ఒకే వస్తువుగా నిలబెట్టారు. ఈ వ్యాపారంలో ఇలాంటిదాన్ని "మ్యారేజ్" అంటారు. మొదటినుంచీ ఒకటిగా ఉన్న బీరువాకు వచ్చే ధరలో దీనికి కొంత భాగమే వస్తుంది.

అమ్మిన డీలర్‌కు ఈ సంగతి తెలుసు. ఎందుకంటే అంతకు కొన్నాళ్ల ముందు కింది బల్ల ఒక్కటే ఒక వేలంలో అమ్ముడైంది. ఆ వేలం సంస్థ పాత కేటలాగులో ఫోటో ఇంకా ఉంది. మూత మీది అదే సిరా మరక, ఎడమ అంచున అదే పగులు. ఫోటోలో పైన పుస్తకాల అర లేదు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి డీలర్ పేరు ఇక్కడ రాయడం లేదు. కానీ ఆయన వాడిన పద్ధతి ఆయన ఒక్కడిదే కాదు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

మొదట ఒక కథ చెప్పారు. సొంతదారు పెద్ద కుటుంబం, వ్యాపారం దెబ్బతింది, బ్యాంకు ఒత్తిడి, అందుకే అయినకాడికి అమ్ముకుంటున్నారు, పేరు బయటికి రావడం వాళ్లకు ఇష్టం లేదు. ఇలాంటి అమ్మకాలు నిజంగానే ఉంటాయి. మంచి వస్తువులు మార్కెట్‌లోకి వచ్చేదే చావు, అప్పు, విడాకుల వల్ల అని వేలం వ్యాపారంలో పాత మాట. కాబట్టి కథ విన్నంత మాత్రాన అబద్ధం అనుకోనక్కర్లేదు. అయితే కుటుంబం పేరు దాచాలన్న కారణం చూపి పాత బిల్లు, పాత ఫోటో, మరమ్మతు రసీదు లాంటివి ఏవీ చూపించకపోతే అక్కడ ఆగాలి. పేరు కొట్టేసి కూడా కాగితం చూపించవచ్చు.

తర్వాత ఒక వాల్యుయేషన్ సర్టిఫికెట్ తీశారు. అందులో ఉన్న విలువలో సగానికే ఇస్తున్నామన్నారు. ఇక్కడే చాలామంది పడిపోతారు. ఆ సర్టిఫికెట్ ఇన్సూరెన్స్ కోసం రాసింది. అంటే వస్తువు కాలిపోతేనో, దొంగలు ఎత్తుకుపోతేనో, అలాంటిదాన్ని షాపులో వెంటనే కొనడానికి ఎంత అవుతుందో చెప్పే అంకె. మనం అమ్మబోతే చేతికి వచ్చే ధరతో దానికి సంబంధం లేదు. వేలంలో పలికే ధర మామూలుగానే దానికంటే చాలా తక్కువ, సగం కూడా ఉండకపోవచ్చు. కాబట్టి "వాల్యుయేషన్‌లో సగం" అన్నది డిస్కౌంటే కాదు. ఎవరైనా సర్టిఫికెట్ చూపిస్తే మొదట అడగాల్సింది అంకె ఎంత అని కాదు. ఏ అవసరానికి రాశారు, ఎప్పుడు రాశారు, రాసినవారు వస్తువును కళ్లారా చూశారా, ఫోటో మాత్రమే చూశారా అని.

మూడోది బిల్లు. షాపులో తగిలించిన చీటీ మీద "సుమారు 1780" అని ఉంది. ఇంటికి చేరిన బిల్లు మీద "జార్జియన్ శైలి బీరువా" అని ఉంది (జార్జియన్ అంటే ఇంగ్లండ్‌లో జార్జ్ రాజుల కాలం, 1780 అందులోదే). ఆ "శైలి" అన్న మాటతో వాళ్లు చట్టం దగ్గర తప్పించుకోవాలని చూస్తారు. ఫలానా శైలిలో, ఫలానా పద్ధతిలో, ఫలానా వారి తరహాలో అంటే అది ఆ కాలానిది అని హామీ ఇవ్వడం లేదన్నట్టే. ఫలానా వారికి ఆపాదించినది అని రాస్తే అది ఒక అభిప్రాయం మాత్రమే. షాపు చీటీ ఫోటో నా దగ్గర ఉండబట్టే ఫిర్యాదుకు ఆధారం దొరికింది. మీరు కూడా చీటీని, ఫోన్ మెసేజ్‌లను, డీలర్ పంపిన ఫోటోలను దాచుకోండి. బిల్లు మీద కాలం, చెక్క, చేసిన మరమ్మతులు, తర్వాత కలిపిన భాగాలు స్పష్టంగా రాయమనండి. రాయనంటే కొనవద్దు. బేరమే ఆడవద్దు.

మాంద్యంలో మంచి వస్తువులన్నీ చవకవుతాయన్న నమ్మకం మీదే ఈ మోసం నడుస్తుంది. అది సగమే నిజం. 2009 ఫిబ్రవరిలో, ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో ఉన్న రోజుల్లో, పారిస్‌లో ఫ్యాషన్ డిజైనర్ ఈవ్ సాం లోరాన్, ఆయన భాగస్వామి పియేర్ బెర్జేల కళా సేకరణను వేలం వేశారు. మూడు రోజుల్లో 37 కోట్ల యూరోలకు పైగా వచ్చింది. డిజైనర్ ఐలీన్ గ్రే చేసిన ఒక చేతుల కుర్చీ ఒక్కటే దాదాపు 2.19 కోట్ల యూరోలు పలికింది. ఎవరి ఇంట్లో ఉందో, ఎక్కడినుంచి వచ్చిందో తెలిసిన అరుదైన వస్తువులకు కొనేవాళ్లు అప్పుడూ ఉన్నారు. పడిపోయింది మధ్యరకం సరుకు. ముదురు రంగు చెక్క ఫర్నిచర్ ధరలు 2008కి ముందునుంచే దిగుతున్నాయి, ఇళ్లు చిన్నవయ్యాయి, అభిరుచులు మారాయి. అంటే, నిజంగా మేలైన వస్తువు సగం ధరకు వస్తుంటే ఎందుకు వస్తోందో ఆరా తీయాలి. మధ్యరకం వస్తువు సగం ధరకు వస్తుంటే బహుశా ఇప్పుడు దాని ధరే అంత.

ఇక వస్తువును చూడటం. డీలర్‌ను పక్కన ఉండమని, సొరుగులన్నీ బయటికి లాగి, వెనక్కి తిప్పి చూడండి. రెండు భాగాల బీరువాలో పై అరను దించమనడం మీ హక్కు. మొదటినుంచీ పైన అర ఉండేలా చేసిన బల్లకు, కనపడని ఆ పైభాగాన్ని సాధారణంగా పాలిష్ చేయరు, ఖరీదైన వెనీరు (పైన అంటించే పలుచని చెక్క పొర) అంటించరు. అర దించాక దాని కింద నున్నగా మెరిసే వెనీరు కనిపిస్తే అది ఒకప్పుడు ఒంటరి బల్ల అన్నమాట. నా బీరువాలో అదే ఉంది. కొనేముందు దించి చూపించమంటే డీలర్ "బరువు, అద్దాలు పగులుతాయి" అన్నారు. దించకుండా తప్పించుకోవడానికి ఆ సాకు చాలాచోట్ల చెబుతారట, తర్వాత విన్నాను.

వెనక పలకలు పైనా కిందా ఒకే చెక్కా, ఒకే మందమా చూడండి. చెక్క మీద రంపం గీతలు వంపుగా, విల్లులా ఉంటే అది గుండ్రటి రంపంతో కోసినది. అలాంటి రంపాలు ఫర్నిచర్ పనిలోకి విస్తృతంగా వచ్చింది 19వ శతాబ్దంలో. 1780 అని చెప్పిన వస్తువుకు అలాంటి పలకలుంటే అవి తర్వాత మార్చినవైనా అయ్యుండాలి, లేదా ఆ తేదీయే తప్పు. చేత్తో కోసిన డవ్‌టెయిల్ జాయింట్లు (పలకల అంచులను పళ్లలా కోసి ఒకదానిలో ఒకటి దూర్చే అతుకులు) ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండవు. పాత స్క్రూల గాడి తల మధ్యలోనుంచి కాస్త పక్కకు పోయి ఉంటుంది, మొన మొద్దుగా ఉంటుంది. సూదిలాంటి మొన 19వ శతాబ్దం మధ్యనుంచే వచ్చింది. ప్లస్ గుర్తు ఉన్న ఫిలిప్స్ స్క్రూ 1930లలో వచ్చింది. సొరుగు లోపలివైపు మూసేసిన పాత రంధ్రాలుంటే పిడులు మార్చారని అర్థం. పిడులు మార్చడం నేరం కాదు, రెండువందల ఏళ్లలో ఎవరైనా మారుస్తారు. చెప్పకుండా ఉండటమే తప్పు.

ఇవన్నీ చూసినా చాలకపోవచ్చు. ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ రాజప్రాసాదమే 18వ శతాబ్దపు రాజవంశపు కుర్చీలనుకుని నకిలీలు కొన్నది. ఆ కాలపు కుర్చీల మీద పెద్ద నిపుణుడిగా పేరున్న బిల్ పాలో, చెక్క పనివాడు బ్రూనో దెనూ కలిసి చేయించిన పని అది. 2016లో బయటపడింది, 2025లో ఇద్దరికీ శిక్ష పడింది. అందుకే డీలర్ చూపించే నిపుణుడు కాకుండా, మీరు ఫీజు కట్టే వేరే నిపుణుడితో చూపించండి. అమ్మకంలో కమిషన్ లేని మనిషి అయ్యుండాలి.

విషయం బయటపడ్డాక నేను డబ్బు తిరిగి అడిగాను. ఆయన వాపసు ఇవ్వనన్నారు, ఇంకో దారి చూపించారు. బీరువాను షాపులో వదిలితే కన్‌సైన్‌మెంట్ మీద, అంటే సొంతదారు తరఫున, వేరేవాళ్లకు అమ్మి డబ్బు ఇస్తారట. కాగితం చదివితే అమ్మిన ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారో లేదు. ఆ డబ్బును విడి ఖాతాలో ఉంచుతామన్న మాట లేదు. కనీస ధర లేదు. ఒప్పుకోలేదు. ఆ తర్వాత కొద్దికాలానికే షాపు మూతపడింది. అమ్మిపెట్టమని తమ వస్తువులు వదిలినవాళ్లు ఇప్పుడు అప్పులవాళ్లతో పాటు వరసలో నిలబడ్డారు. కొందరి వస్తువులు ఎప్పుడో అమ్ముడైపోయాయని అప్పుడే తెలిసింది. వాళ్ల బాధ చూస్తే నా నష్టం చిన్నదనిపించింది.

ఇది పెద్ద పేర్ల దగ్గరా జరిగింది. న్యూయార్క్‌లో సాలండర్-ఓరైలీ గ్యాలరీ 2007లో మూతపడింది. నడిపిన లారెన్స్ సాలండర్ తన దగ్గర ఉంచిన కళాఖండాలను సొంతదారులకు చెప్పకుండా అమ్మేశాడు. 2010లో నేరం ఒప్పుకున్నాడు, 6 నుంచి 18 ఏళ్ల జైలు శిక్ష పడింది. బాధితుల్లో టెన్నిస్ ఆటగాడు జాన్ మెకన్రో కూడా ఉన్నాడు. అమెరికాలో కన్‌సైన్‌మెంట్ మీద ఇచ్చేవాళ్లు యూసీసీ-1 అనే ప్రభుత్వ నమోదు చేయించుకుంటే మిగతా అప్పులవాళ్ల నుంచి తమ వస్తువుకు రక్షణ ఉంటుంది. మీరు ఉన్నచోట అలాంటి నమోదు ఉందేమో ముందే లాయర్‌ని అడగండి. వ్యాపారాలు మునిగే రోజుల్లో వస్తువును ఎవరి షాపులో వదిలినా ఫోటోలు, సంతకం ఉన్న జాబితా, "సొంతదారు నేనే" అన్న వాక్యం, చెల్లింపు గడువు లేకుండా వదలవద్దు.

వేలానికి పంపేవాళ్లు లెక్క వేసుకోండి. సుత్తి 100 దగ్గర పడితే కొన్నవారు ప్రీమియంతో (వేలం సంస్థకు అదనంగా కట్టే రుసుముతో) కలిపి 125 దాకా కడతారు. అమ్మినవారికి కమిషన్, ఫోటో, ఇన్సూరెన్స్, రవాణా పోగా 90 కూడా రాకపోవచ్చు. ఈ ప్రీమియం 1975లో లండన్‌లో 10 శాతంతో మొదలై ఇక్కడిదాకా పెరిగింది. "రెండేళ్లలో లాభానికి అమ్ముకోవచ్చు" అని ఎవరైనా చెబితే ఈ తేడా ఎవరు భరిస్తారో అడగండి. సుత్తి పడినంత మాత్రాన డబ్బు వచ్చినట్టు కూడా కాదు. 2010లో లండన్ శివారులో ఒక చైనా పూలకూజా 4 కోట్ల 30 లక్షల పౌండ్లకు పోయింది. పాడుకున్నవారు డబ్బు కట్టలేదు. చివరికి 2013లో దాన్ని ప్రైవేటుగా వేరేవాళ్లకు అమ్మాల్సి వచ్చింది.

ఏనుగు దంతం పొదిగిన వస్తువులు చవకగా వస్తుంటే ఇంకా జాగ్రత్త. బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి మినహాయింపు ఉన్న దంతపు వస్తువును కూడా నమోదు గానీ, ధ్రువపత్రం గానీ లేకుండా అమ్మకూడదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ అనే చెక్క మీద 1992 నుంచి అంతర్జాతీయ వ్యాపార నిషేధం ఉంది. కాగితాలు లేకపోతే మీరు కొనగలరేమో గానీ తిరిగి అమ్మలేరు.

చెల్లింపు నగదుగా చేయకండి. కార్డు మీద కడితే వివాదం లేవనెత్తే దారి ఒకటి మిగులుతుంది. నా ఫిర్యాదు కార్డు కంపెనీ దాకా వెళ్లింది అందువల్లే. పైన చెప్పినట్టే "కుటుంబం అప్పుల్లో ఉంది" కథ, ఇన్సూరెన్స్ సర్టిఫికెట్, "శైలి" అన్న బిల్లు మీకూ వచ్చి ఉంటే, వస్తువును ఇప్పుడు అమ్మకండి, మరమ్మతు చేయించకండి, పాలిష్ కూడా వేయించకండి. ఉన్నదున్నట్టుగా అన్నివైపులనుంచి ఫోటోలు తీయించి, పాత వేలం కేటలాగుల్లో రెండు భాగాలనూ విడివిడిగా వెతకండి. ఫిర్యాదు చేయడానికి గడువు ఉంటుంది, అది దాటకముందే రాతపూర్వకంగా పంపండి.