1903 నాటి 'విజార్డ్ ఆఫ్ ఓజ్' నాటకం పాటల సీడీ సెట్: నేను దిష్టిబొమ్మ కోసం కొన్నా

విజార్డ్ ఆఫ్ ఓజ్ అనే పిల్లల కథ అనగానే అందరికీ 1939 సినిమానే గుర్తొస్తుంది కానీ అంతకు చాలా ముందే 1902లో చికాగోలో మొదలై 1903 జనవరిలో న్యూయార్క్ మెజెస్టిక్ థియేటర్‌కి వచ్చిన పాటల నాటకం ఒకటుంది, అప్పట్లో మైకుల్లేక పెద్ద గొట్టం ముందు నిలబడి పాడి రికార్డు చేసిన ఆ పాటలే ఈ సెట్‌లో ఉన్నాయి.

నేను కొన్నది ఆ కథలో ప్రాణమొచ్చే దిష్టిబొమ్మ వేషం కోసం. ఆ వేషం కట్టింది ఫ్రెడ్ స్టోన్, చిన్నప్పుడే సర్కస్‌లో తీగ మీద నడిచిన మనిషి. ముందు చాలాసేపు పొలంలో బొమ్మలా కదలకుండా ఉండేవాడట, ఆ తర్వాత ప్రాణమొచ్చి దిగాక ఎముకల్లేనట్టు మోకాళ్లొక వైపు పాదాలొక వైపు, పడతా లేస్తా డాన్స్. మన తోలుబొమ్మలాటలో కేతిగాడి కాళ్లూ చేతులూ ఎలా వేలాడతాయో చూసినవాళ్లకి ఇది ఇట్టే తెలుస్తుంది, కాకపోతే ఇక్కడ వెనక పుల్ల పట్టుకుని ఆడించేవాళ్లు లేరు, ఆ వదులంతా ఆయన నడుం బలం మీదే నిలబడాలి. ఎంత సాధన చేసుంటాడో!

'హుర్రా ఫర్ బాఫిన్స్ బే' పాట మాత్రం తప్పకుండా వినండి. నాటకంలో స్టోన్, కథలో ఇంకో పాత్రైన రేకు మనిషి వేషం వేసిన డేవిడ్ మాంట్‌గొమెరీ కలిసి పాడేవాళ్లు. రికార్డులో గొంతులు వాళ్లవి కావు, స్టూడియో గాయకులవి, ఆ సంగతి తెలిసి కొనండి. నాకు అదొక్కటే వెలితి, ఎందుకంటే ఈ వేషం గొంతులో కన్నా కాళ్లలోనే ఎక్కువుంది, కాళ్లు రికార్డుకెక్కవు కదా. పాత రికార్డుల గరగర శబ్దం ఎక్కువే ఉంది, కానీ రెండు పాటలయ్యేసరికి చెవి అలవాటు పడిపోతుంది.

డబ్బా మూల పగిలి వచ్చింది, అమ్మినవాళ్లకి ఫొటో పంపితే వారంలో వేరేది పంపారు.

మా పాప కూచిపూడి నేర్చుకుంటోంది. దానికి ఈ పాట పెట్టి దిష్టిబొమ్మ సంగతి చెప్తే హాల్లో మోకాళ్లు వదిలేసి కూలబడింది, చేతులు ఆనించకుండా లేవాలని మూడుసార్లు చూసింది, లేవలేక "అమ్మా, ఆయన ఎలా లేచేవాడే?" అంది. ఇద్దరం మళ్లీ మొదట్నుంచి పెట్టుకుని విన్నాం.

నా రేటింగ్ 5కి 4.